నాకిక క్షమాపణ లేదేమో...!

మనసులోకి దూసుకొచ్చిన ఒక్క పాడు ఆలోచన. దాంతో నిద్ర లేదు, ఆకలి లేదు, ప్రార్థన లేదు. 'క్షమించరాని పాపం చేశాను' అన్న భయంతో లోలోపలే కుమిలిపోయే క్రైస్తవ సోదరీమణులు మన మధ్యే ఉన్నారు. ఆ భయం ఎక్కడ పుడుతుంది? ఎలా తీరుతుంది?

నెల మొదటి ఆదివారం. చాలా సంఘాల్లో ఆరోజు ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ఆడవాళ్లు తలమీద కొంగు సవరించుకుంటూ వరసగా ముందుకు వెళతారు. అందులో ఒకావిడ మాత్రం కూర్చున్నచోటి నుంచి కదలదు. పక్కావిడ పిలిస్తే "మీరు వెళ్లండక్కా, నాకు ఒంట్లో బాగాలేదు" అంటుంది. ఇలా ఒక నెల కాదు... రెండు నెలలు, మూడు నెలలు. "అత్తాకోడళ్లకేదో గొడవ అయ్యుంటుంది", "ఏం తప్పు చేసిందో ఏమో" అని వెనక వరసల్లో గుసగుసలు మొదలవుతాయి.

గొడవా లేదు, తప్పూ లేదు. ఎప్పుడో ఒకరోజు ప్రార్థనలో ఉండగా దేవుణ్ణి, పరిశుద్ధాత్మను తిట్టినట్టుగా ఒక మాట మనసులో మెరిసి మాయమైంది. ఆవిడ పిలవలేదు, కోరుకోలేదు. అయినా వచ్చింది. గుండె ఝల్లుమంది. ఎప్పుడో విన్న ప్రసంగం గుర్తొచ్చింది... అన్ని పాపాలకూ క్షమాపణ ఉందట, పరిశుద్ధాత్మను దూషిస్తే మాత్రం లేదట! ఇక ఆ రోజు నుంచీ పొయ్యిమీద పాలు పొంగుతున్నా, పిల్లలు బడికి వేళైందని తొందరపెడుతున్నా, ఆవిడ మనసు మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. 'నేను నరకానికేనా?'

ఇలాంటి బాధ ఎవరితో చెప్పుకుంటారు చెప్పండి! భర్తతో అంటే "పిచ్చి ఆలోచనలు మానుకో" అంటాడు. పాస్టరుగారితో చెప్పాలంటే ఆ మాటను నోటితో పలకాలి. అదే పెద్ద పాపమేమో అని భయం. అందుకే చాలామంది ఏళ్లతరబడి నోరు మెదపరు.

ఆ మాట ఎవరితో అన్నది?

ముందు అసలు ఆ వాక్యం ఏ సందర్భంలో వచ్చిందో చూద్దాం. మార్కు సువార్త మూడో అధ్యాయంలో ఉంది. మత్తయి పన్నెండులో, లూకా పన్నెండులో కూడా ఉంది.

యేసు రోగుల్ని బాగుచేస్తున్నాడు. దయ్యాలు పట్టినవాళ్లకు విడుదల ఇస్తున్నాడు. బాగుపడినవాళ్లు కళ్లెదుటే ఉన్నారు. అప్పుడు యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులు "ఇతనికి బయెల్జెబూలు పట్టింది, దయ్యాల రాజు సాయంతోనే దయ్యాల్ని వెళ్లగొడుతున్నాడు" అని ప్రచారం మొదలుపెట్టారు. చదువురాని అమాయకులు కాదు వాళ్లు. ధర్మశాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవాళ్లు. కళ్లముందు జరిగిన మంచిని చూసి కూడా, పదిమందినీ దానికి దూరం చెయ్యాలని, అది సైతాను పని అన్నారు. ఆ సందర్భంలో యేసు వాళ్లను హెచ్చరించాడు. మనుషులు చేసే పాపాలన్నిటికీ, పలికే దూషణలన్నిటికీ క్షమాపణ ఉంది కానీ, పరిశుద్ధాత్మను దూషించినవాడికి లేదన్నాడు. ఎందుకలా అన్నాడో మార్కు వెంటనే ముప్పయ్యో వచనంలో చెప్పాడు. ఈయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నారు కాబట్టి!

ఇప్పుడు చూడండి. ఆ హెచ్చరిక విన్నవాళ్లకు ఏమాత్రం భయం లేదు. పశ్చాత్తాపం అంతకన్నా లేదు. ఆ వాక్యం చదివి ఈరోజు నిద్రపట్టక దొర్లుతున్న మన అక్కయ్యకో? గుండెనిండా భయమే, కళ్లనిండా నీళ్లే. వాళ్లదీ, ఈమెదీ ఒకే పరిస్థితి ఎలా అవుతుంది?

అయిదో శతాబ్దం దాకా జీవించిన అగస్టీను ఈ మాటల మీద సుదీర్ఘంగా ఆలోచించాడు. చివరి శ్వాస దాకా పశ్చాత్తాపపడకుండా మొండికెయ్యడమే ఆ పాపం అన్నాడు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం కూడా దాదాపు అదే మాట చెప్పింది. దేవుడి కనికరానికి హద్దు లేదనీ, పశ్చాత్తాపపడి ఆ కనికరాన్ని అందుకోవడానికి కావాలని నిరాకరించేవాడే దాన్ని పోగొట్టుకుంటాడనీ వివరించింది. ప్రొటెస్టెంటు కాపరులు కూడా తరతరాలుగా భయపడేవాళ్లకు ఒక్కటే చెబుతూ వచ్చారు. 'నేనా పాపం చేశానేమో' అని ఏడుస్తున్నావంటేనే నువ్వా పాపం చెయ్యలేదని గుర్తు.

పేతురు సంగతి మరచిపోతామా? యేసును పట్టుకున్న రాత్రి, ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు. ఒట్టుపెట్టి మరీ బొంకాడు. మనసులో మెరిసిన ఆలోచన కాదది, నోటితో నలుగురి ముందూ అన్న మాట. అయినా పునరుత్థానం తర్వాత యేసు అతణ్ణి సరస్సు ఒడ్డున కూర్చోబెట్టుకుని, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. తన గొర్రెల్ని మేపమని అప్పగించాడు. పౌలైతే తాను ఒకప్పుడు దూషకుణ్ణని తిమోతికి స్వయంగా రాసుకున్నాడు.

మాట్లు వేసేవాడి కథ

ఇంత స్పష్టంగా ఉంటే మరి భయమెందుకు పోదు? ఈ ప్రశ్నకు జవాబు కోసం మూడున్నర శతాబ్దాలు వెనక్కి, ఇంగ్లండు దాకా వెళ్లాలి.

'యాత్రికుని ప్రయాణము' తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పాత పుస్తకం. దాన్ని రాసిన జాన్ బన్యన్ 1628లో బెడ్‌ఫర్డ్ దగ్గరున్న ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. చిల్లులుపడ్డ గిన్నెలకు మాట్లు వేసుకుని బతికేవాడు. మొదటి భార్యతో పెళ్లయ్యేనాటికి ఇద్దరికీ కలిపి ఒక పళ్లెం, ఒక గరిటె కూడా లేవని తానే రాసుకున్నాడు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది రెండు భక్తి పుస్తకాలు మాత్రమే.

భక్తిలో పడ్డాక బన్యన్‌కు విచిత్రమైన బాధ మొదలైంది. క్రీస్తును అమ్మెయ్యమని మనసులో ఎవరో పోరుపెడుతున్నట్టు ఉండేది. అన్నం తింటున్నా అదే, కింద పడిన గుండుసూది తీస్తున్నా అదే, కట్టె కొడుతున్నా అదే. అమ్మను, అమ్మను అని రోజంతా జవాబు చెబుతూనే ఉండేవాడు. ఇలా ఏడాదిపాటు సాగింది. చివరికి ఒక ఉదయం, పక్కమీదే ఉండగా, పోరాడి పోరాడి అలసిపోయి, పోతే పోనీ అన్న ఆలోచన మనసులో మెదిలిందట. అంతే! తాను ఏశావులా జ్యేష్ఠత్వం అమ్ముకున్నానని, ఇక తనకు క్షమాపణ లేదని కుప్పకూలిపోయాడు. దావీదు పాపంతో, పేతురు పాపంతో, యూదా పాపంతో తన పాపాన్ని పోల్చి తూకం వేసుకునేవాడు. ఎప్పుడూ తనదే బరువుగా తేలేది.

ఒకసారి ధైర్యం చేసి ఒక పెద్దాయనకు చెప్పుకున్నాడు. "పరిశుద్ధాత్మకు విరోధంగా పాపం చేశాననిపిస్తోంది" అన్నాడు. ఆయనేమన్నాడో తెలుసా? "నాకూ అలాగే అనిపిస్తోంది" అన్నాడట! ఇంకేముంది... మునిగేవాడి మీద బండ వేసినట్టయింది. తర్వాత ఇంకొంచెం మాట్లాడాక, మంచివాడే కానీ ఈ పెద్దాయనకు ఇలాంటి పోరాటాల అనుభవం లేదని బన్యన్‌కు అర్థమైంది. సలహా చెప్పేవాళ్లంతా గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

రెండేళ్లకు పైగా నలిగాక ఒకరోజు పొలంలో నడుస్తుండగా అతనికి తెరిపి వచ్చింది. నా నీతి ఇక్కడ నా గుండెలో లేదు, పరలోకంలో ఉంది, అది క్రీస్తే అనిపించింది. ఈరోజు నా మనసు బాగుంటే అది పెరగదు, రేపు పాడైతే తరగదు! తన పరిస్థితి ఎలా ఉందో లోపలికి తొంగిచూసుకుంటూ రోజుకు ఇరవైసార్లు శాంతి పోగొట్టుకున్న మనిషి, చూపు తిప్పి అవతలికి చూశాడు. 1660 నుంచి 1672 దాకా చర్చి అనుమతి లేకుండా బోధిస్తున్నాడని జైల్లో పెట్టినప్పుడు ఈ అనుభవమంతా పుస్తకంగా రాశాడు. 1666లో అచ్చయింది.

'యాత్రికుని ప్రయాణము'లో సందేహ దుర్గం గుర్తుందా? నిరాశ అనే రాక్షసుడు యాత్రికుల్ని అందులో బంధించి చావచితక్కొడతాడు. బుధవారం నుంచి శనివారం దాకా చీకటికొట్లో మగ్గాక, తన రొమ్ములోనే వాగ్దానం అనే తాళంచెవి ఉందని యాత్రికుడికి గుర్తొస్తుంది. దాంతో తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఆ చీకటికొట్టు బన్యన్ ఊహించి రాసింది కాదు, ఉండి వచ్చింది.

గుమ్మంలో ఆడవాళ్లు

బన్యన్ కథలో మన ఆడవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన చిన్న సంగతి ఒకటుంది. అతని మనసు మొదట మళ్లింది ప్రసంగం విని కాదు. పనిమీద బెడ్‌ఫర్డ్ వీధిలో వెళుతుంటే ముగ్గురు నలుగురు పేద స్త్రీలు గుమ్మం దగ్గర ఎండలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఊరి ముచ్చట్లు కాదు. తమ మనసుల బలహీనతల గురించి, శోధనల గురించి, దేవుడు తమను ఎలా ఓదార్చాడో ఆ సంగతుల గురించి! దాపరికం లేకుండా, సంతోషంగా మాట్లాడుకుంటున్నారట. వాళ్ల పేర్లు మనకు తెలీవు. కానీ వాళ్లు తలుపులు మూసుకుని ఎవరి బాధ వాళ్లు దిగమింగుకుంటే బన్యన్ ఏమయ్యేవాడో!

మన స్త్రీల సమాజం కూడికల్లో అలాంటి మాటలు ఎన్ని వినిపిస్తాయి? సాక్ష్యాలంటే అన్నీ గెలిచినవే చెబుతాం. "పిల్లాడికి సీటొచ్చింది", "జ్వరం తగ్గింది". "నాకీ మధ్య ప్రార్థన చెయ్యాలంటే భయమేస్తోంది" అని ఒక్కరైనా లేచి చెప్పగలిగే చోటు అది కావాలి.

పాటలు రాసినా తీరని భయం

అందరి కథా బన్యన్ కథలా తీరానికి చేరదు. విలియం కూపర్ అని ఇంకో ఇంగ్లీషు కవి. 1731లో పుట్టాడు. ఆరేళ్లకే తల్లి పోయింది. 1763లో ఒక ఉద్యోగ పరీక్ష భయంతో మతి చెదిరింది. ప్రాణం తీసుకోబోయాడు. సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ అనే దయగల వైద్యుడి దగ్గర ఏడాదిన్నర ఉన్నాడు. అక్కడే ఒకరోజు బైబిల్లో రోమా పత్రిక మూడో అధ్యాయం చదువుతూ క్షమాపణ నిశ్చయత పొందాడు. తర్వాత ఆల్నీ అనే ఊళ్లో పాస్టరు జాన్ న్యూటన్‌తో కలిసి భక్తిగీతాలు రాశాడు. 1779లో అచ్చయిన ఆ సంపుటిలో కూపర్‌వి అరవైకి పైగా ఉన్నాయి.

కానీ 1773లోనే జబ్బు తిరగబెట్టింది. దేవుడు తనను విడిచేశాడని, తనది మరెవరికీ లేని నేరమని నమ్మేశాడు. ఆ తర్వాత ఇరవైయేడేళ్లు బతికినా చర్చి గుమ్మం తొక్కలేదు. వేలమందిని ఓదార్చిన పాటలు తనను ఓదార్చలేదు.

అతని భక్తిలో లోపమా? విశ్వాసం చాలకనా? అలా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ అది జబ్బు. కాలు విరిగినవాణ్ణి విశ్వాసం లేక కుంటుతున్నాడంటామా?

ఆ ఇరవైయేడేళ్లలో అతణ్ణి వదలనివాళ్లు కొందరున్నారు. న్యూటన్ అతణ్ణి ఏడాదికి పైగా తన ఇంట్లో పెట్టుకున్నాడు. అంతకన్నా ముఖ్యంగా మేరీ అన్విన్ అనే విధవరాలు. తన కొడుకులా, తమ్ముడిలా చూసుకుంది. రాత్రుళ్లు మేలుకుని కాపలా కాసింది. ఊరికే కూర్చుంటే ఆలోచనలు ముసురుకుంటాయని పద్యాలు రాయమని ప్రోత్సహించింది. కూపర్ ఇంగ్లీషు సాహిత్యంలో గొప్ప కవుల వరసలో నిలిచాడంటే అందులో ఆమె వంతు ఉంది. తర్వాత ఆమెకు పక్షవాతం వస్తే కూపర్ ఆమెకు సేవ చేశాడు. 1796లో ఆమె, 1800లో అతను కన్నుమూశారు. తనకు దేవుడు లేడనుకున్న మనిషి పక్కన, దేవుడి తరఫున అన్నట్టు ఆమె ముప్పయ్యేళ్లు నిలబడింది.

చెప్పులో రాయి

లాటిన్‌లో 'స్క్రూప్యులస్' అంటే పదునైన చిన్న రాయి. అణువణువునా పాపం కనబడే మనస్సాక్షి బాధకు క్రైస్తవ గురువులు వందల ఏళ్ల కిందటే ఆ పేరు పెట్టారు. చెప్పులో రాయి ఎలా సలుపుతుందో మనకు తెలీదా! పదహారో శతాబ్దంలో లొయోలా ఇగ్నేషియస్ 1522లో స్పెయిన్‌లోని మన్రేసాలో ఉన్నప్పుడు ఈ బాధే పడ్డాడు. ఒప్పుకున్న పాపాల్నే మళ్లీ మళ్లీ ఒప్పుకునేవాడు. ఒప్పుకున్నకొద్దీ ఇంకేదో మరిచానన్న అనుమానం. ఇక గతంలోవి మళ్లీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాకే విడుదల దొరికింది. మార్టిన్ లూథర్ కూడా సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటలకొద్దీ పాపాలు ఒప్పుకుని గురువుల్ని విసిగించినవాడే.

ఈనాటి వైద్యులు ఇందులో కొన్నిటిని ఓసీడీ అనే మానసిక రుగ్మతలో ఒక రకంగా గుర్తిస్తారు. చేతులు పదేపదే కడుక్కోవడం, తలుపు గడియ పదిసార్లు చూసుకోవడం మనకు తెలుసు. అలాగే కొందరికి పాపభయం. వందమందిలో ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఓసీడీ వస్తుంది. గర్భిణులకు, బాలింతలకు ఇది మొదలయ్యే అవకాశం, ఉన్నది ముదిరే అవకాశం ఎక్కువ. అందుకే "కాన్పయ్యాక కోడలు వింతగా ఉంటోంది" అన్నప్పుడు దిష్టి తీసి ఊరుకోకండి.

మరి పాడు ఆలోచన వచ్చిన ప్రతివాళ్లకూ జబ్బేనా? కాదు. 1978లో రాక్‌మన్, డి సిల్వా అనే ఇద్దరు పరిశోధకులు మామూలు ఆరోగ్యవంతుల్నే అడిగి చూశారు. పదిమందిలో సుమారు ఎనిమిదిమంది తమకూ అలాంటి అక్కర్లేని ఆలోచనలు వస్తాయన్నారు. తేడా ఎక్కడంటే, మామూలువాళ్లు 'ఛీ, ఇదేంటి' అనుకుని పనిలో పడిపోతారు. బాధపడేవాళ్లు దాన్ని పట్టుకుని విచారణ మొదలుపెడతారు.

కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు తెలిసిందే కదా! ఎంత వద్దనుకుంటే అంతగా కోతే కనిపిస్తుంది. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే శాస్త్రవేత్త విద్యార్థుల్ని తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దని చెప్పి పరీక్షించాడు. వాళ్లకీ అదే గుర్తొచ్చింది. ఆలోచనను బలవంతంగా తరిమితే అది రెట్టింపై తిరిగొస్తుంది. ప్రార్థన మధ్యలోనే ఎందుకొస్తుందంటారా? మనం దేనికి ఎక్కువ భయపడతామో, దేన్ని ఎక్కువ ప్రేమిస్తామో ఆ చోటే అది ఎంచుకుంటుంది. పసిబిడ్డను ప్రాణంగా చూసుకునే తల్లికి బిడ్డ చేయి జారుతుందేమోనన్న ఆలోచన రావడంలాంటిదే ఇది.

క్రైస్తవేతర పాఠకులూ ఈ మాట గమనించాలి. దీపం వెలిగిస్తుండగా దేవుడి పటం ముందు పాడుమాట తోచి వణికిపోయేవాళ్లు, నమాజు సరిగ్గా చెయ్యలేదేమోనని మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవాళ్లు కూడా ఉన్నారు. జబ్బుకు మతం లేదు, ఎవరింట్లో ఉంటే ఆ ఇంటి భాషలోనే మాట్లాడుతుంది.

అడిగినకొద్దీ అనుమానం

ఇలాంటి మాటలు పాస్టరుగారింట్లో వినబడుతుంటాయి.

"అమ్మగారూ, ఆ ఆలోచన మళ్లీ వచ్చింది. నన్ను దేవుడు క్షమిస్తాడంటారా?"

"క్షమించాడమ్మా, నిన్ననే చెప్పాగా."

"నిజమేనాండీ? కావాలని అనుకున్నానేమో అనిపిస్తోంది."

"లేదమ్మా, నువ్వు కావాలని అనుకోలేదు."

గంట తర్వాత మళ్లీ ఫోను. అదే ప్రశ్న. పాస్టరమ్మగారి ఓపిక తక్కువది కాదు. కానీ ప్రతిసారీ ఇచ్చే ధైర్యం దురద మీద గోకినట్టే ఉంటుంది. ఆ కాసేపు హాయి, తర్వాత మంట. వైద్యులు ఇక్కడే జాగ్రత్త చెబుతారు. ఒకసారి శ్రద్ధగా విని, వాక్యం వివరించి, ఆ తర్వాత ఆమె అదే అడిగితే ప్రేమగా ఇలా అనొచ్చు. "అమ్మాయ్, దీనికి జవాబు మనిద్దరికీ తెలుసు. ఇప్పుడు అడుగుతోంది నీ భయం. దానికి జవాబు చెప్పొద్దు. రా, చిక్కుళ్లు ఈనెలు తీసిపెడుదువు గాని."

చికిత్స కూడా ఇలాంటిదే. భయపెట్టే ఆలోచన వస్తే రానిచ్చి, దాన్ని చెరపడానికి చేసే పని... పదేపదే క్షమాపణ అడగడం, అదే వాక్యం వందసార్లు చదవడం, ఫోను చెయ్యడం... ఆపడం నేర్పిస్తారు. మొదట్లో గుండె దడదడలాడుతుంది. కొంతసేపటికి అదే తగ్గుతుంది. అవసరమైతే మందులిస్తారు. ఇవి నిద్రమాత్రలు కావు. పనిచెయ్యడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. నాలుగు రోజులకే గుణం లేదని మానెయ్యకూడదు. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు. సువార్త రాసిన లూకాను వైద్యుడనే పౌలు ప్రేమగా చెప్పుకున్నాడు.

నిశ్చయత అంటే ఏమిటి?

"నాకు క్షమాపణ దొరికినట్టు అనిపించడం లేదండీ" అంటారు చాలామంది. అనిపించడం వేరు, ఉండడం వేరు. బ్యాంకులో మన పేరున డబ్బుందనుకోండి. జ్వరంతో పడుకున్నరోజు ఆ సంగతి సంతోషం కలిగించదు. అంతమాత్రాన డబ్బు మాయమవదుగా! యోహాను తన మొదటి పత్రికలో రెండు సంగతులు చెప్పాడు. పాపాలు ఒప్పుకుంటే దేవుడు క్షమిస్తాడు. మన హృదయం మనమీద నేరం మోపినా, దేవుడు మన హృదయంకన్నా గొప్పవాడు. అంటే తీర్పు చెప్పేది మన గుండెదడ కాదన్నమాట.

ఈ నిశ్చయతను ఒక్కో సంఘం ఒక్కో రకంగా చేతికందిస్తుంది. కతోలికులు పాపసంకీర్తనంలో గురువు నోట క్షమాపణ మాట వింటారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలాంటి చోట్ల ఆరాధనలో అందరూ కలిసి పాపాలు ఒప్పుకుంటే, పాస్టరు క్షమాపణ ప్రకటిస్తారు. బాప్టిస్టులు, ఇతరులు వాక్యంలోని వాగ్దానాన్ని చూపిస్తారు. ఏ పద్ధతైనా, మాట బయటి నుంచి రావాలి. నా మనసును నేనే తవ్వుకుంటే దొరికేది కాదది.

మరి అయోగ్యంగా బల్లలో చేయి వేస్తే శిక్ష అన్నాడు కదా పౌలు అంటారా? కొరింథులో కలిగినవాళ్లు ముందుగా తిని, తాగి, పేదవాళ్లను ఆకలితో పెట్టారు. పౌలు మందలించింది వాళ్లను. వణుకుతూ వచ్చే మనిషిని వెళ్లగొట్టడానికి రాసిన మాట కాదది.

మనమేం చెయ్యాలి?

• ఎవరైనా ఈ భయం చెప్పుకుంటే నవ్వకండి, ఉలిక్కిపడకండి. "నాకూ అలాగే అనిపిస్తోంది" అన్న పెద్దాయనలా అస్సలు మాట్లాడకండి.

• నలుగురికీ చెప్పకండి. ఆమె అనుమతి లేకుండా కూడికలో ప్రార్థన మనవిగా పెట్టకండి.

• "దయ్యం పట్టింది", "ఇంకో నలభై రోజులు ఉపవాసం ఉండు" అనకండి. తిండి, నిద్ర లేకపోతే భయం ఇంకా ముదురుతుంది.

• ఒకసారి పాస్టరుగారితోనో, ఫాదర్‌గారితోనో ప్రశాంతంగా మాట్లాడనివ్వండి. పదిమంది దగ్గరకు తిప్పకండి.

• రోజులో గంటకు పైగా ఇదే ఆలోచనతో పోతున్నా, ఇంటిపని, పిల్లల పని సాగకపోయినా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

• "ఎలాగూ నరకమే, బతికేం లాభం" అన్న మాట వినబడితే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. వెంటనే వైద్యసాయం అందించండి.

ఇది చదువుతున్న చెల్లెమ్మా, ఆ భయం నీదే అయితే ఒక్కమాట. నువ్వు దేవుణ్ణి వద్దనుకున్నదానివైతే ఆయన పోయాడని ఇంతగా ఏడవవు. ఈ రాత్రికి ఆ విచారణ కట్టిపెట్టి అన్నం తిను. రేపు పొద్దున్నే నువ్వు నమ్మే ఒక అక్క దగ్గర కూర్చుని, ఆ మాట ఏమిటో చెప్పనక్కర్లేదు, "నాకు భయంగా ఉందక్కా" అని మాత్రం చెప్పు.